పదకొండు నెలల కాగితం

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకే కాదు, మా అంతస్తులో ఉన్న నాలుగు ఫ్లాట్లవాళ్ళకీ తెలుసు. పుట్టింది గుంటూరు జిల్లా, కాపురం నోయిడా ఎక్స్‌టెన్షన్. రెండుచోట్లా నోరు లేనివాడికి మంచినీళ్ళు కూడా పుట్టవు. నేను గొంతు పెంచగానే మా అమ్మాయి తన రెండు చెవి మిషన్లూ తీసి టేబుల్ మీద జాగ్రత్తగా పెట్టి, బొమ్మలు వేసుకుంటూ కూర్చుంటుంది. దానికి పుట్టుకతోనే వినికిడి తక్కువ. మిషన్లు ఉంటే మాట అందుతుంది, లేకపోతే ఉరిమినా తెలియదు. అలా తీసి పక్కన పెట్టుకునే సౌకర్యం వాళ్ళ నాన్నకు లేదు పాపం.

అప్పటికి దానికి ఐదున్నరేళ్ళు. దాన్ని వెంటబెట్టుకుని మేము ఎక్కని స్కూలు మెట్లు లేవు. ఎవరూ మొహం మీద వద్దనరు. ఏసీ గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "మీ పాపకు మా దగ్గర న్యాయం జరగదు మేడమ్" అంటారు. మా పిల్లకు జరగాల్సిన న్యాయం మీద వాళ్ళకంత బెంగ! ఒకచోట చేర్చుకున్నారు కూడా. నెల తిరక్కముందే దాన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టి, రంగు పెన్సిళ్ళ డబ్బా చేతికిచ్చి వదిలేశారు. టీచరు బోర్డు వైపు తిరిగి పాఠం చెబితే దానికెలా అందుతుంది? పెదాలు కనబడాలి కదా. ఆ మాటే అడిగితే, "షీ ఈజ్ వెరీ హ్యాపీ మేడమ్" అంది టీచరు. ఆరోజే దాన్ని మాన్పించేశాను.

చివరికి ఒక స్కూలు దొరికింది. ఇంటి నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. వినికిడి తక్కువున్న పిల్లల కోసమే శిక్షణ పొందిన టీచరు అక్కడ ఉంది. ఏడాదికి ఎనిమిది మందినే తీసుకుంటారు. ఆవిడ మా పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుని, అరగంటసేపు దాని మొహంలోకి చూస్తూ మాట్లాడింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పిల్ల నోరు మూయలేదు. అన్నీ ప్రశ్నలే. అది అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం మేము అంతకుముందు వినలేదు. సీటు ఇస్తామన్నారు. మా ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే, నేను ఆఫీసు గుమస్తా ఇచ్చిన జాబితా చదువుకున్నాను. తెమ్మన్న కాగితాల్లో ఆరోది: తల్లి లేదా తండ్రి ఈ జిల్లాలో నివాసముంటున్నట్టు రుజువు, అద్దె ఇల్లయితే రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు. గడువు ఇరవై ఒక్క రోజులు.

"నోటరీ నహీ చలేగా మేడమ్" అని, ఉత్త నోటరీ కాగితం చెల్లదని గుమస్తా ముందే చెప్పేశాడు. వేరే జిల్లాలవాళ్ళు దొంగ నోటరీ కాగితాలు తెచ్చి సీట్లు పట్టేస్తున్నారట. గడువు దాటితే లిస్టులో మా తరవాత ఉన్న పిల్లకు ఫోన్ చేస్తామన్నాడు. ఆ పిల్ల తల్లి బయట బెంచీ మీదే కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను కానీ, నిజం చెప్పొద్దూ, ఆమె మీద కూడా కోపమే వచ్చింది.

ఢిల్లీ చుట్టుపక్కల అద్దెకున్న ప్రతివాళ్ళకీ పదకొండు నెలల కాగితం సంగతి తెలుసు. ఏడాదికి రాసుకుంటే ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించాలి. అందుకని ఒక నెల తగ్గించి రాస్తారు. ఏజెంటు దగ్గర అచ్చు సిద్ధంగా ఉంటుంది, పేర్లు మార్చి కొట్టించుకొస్తాడు. నోటరీ దాని మీద సీలు గుద్దుతాడు. ఆ నోటరీ మన మొహం చూడడు, మనం ఆయన మొహం చూడం. పదకొండు నెలలు కాగానే మళ్ళీ పదకొండు. ఎనిమిదేళ్ళలో నాలుగిళ్ళు మారాం, నాలుగిళ్ళకూ ఇదే తంతు. గ్యాసు కనెక్షనుకు, బ్యాంకుకు, ఆఫీసుకు ఆ కాగితమే చెల్లిపోయింది. ఎక్కడో ఒకచోట చెల్లదని మాకెప్పుడూ తోచలేదు.

మా ఓనరు అంకుల్‌కు డెబ్బై దాటాయి. కరెంటు డిపార్ట్‌మెంటులో చేసి రిటైరయ్యాడు. ఇందిరాపురంలో ఉంటాడు. మేము ఆ ఫ్లాటులో దిగి ఎనిమిది నెలలైంది, ఆయన్ని చూసింది రెండుసార్లు. మంచిమనిషే. గీజరు పాడైందంటే మర్నాడే మనిషిని పంపాడు. ఆ ధైర్యంతోనే ఫోన్ చేశాను.

"అంకుల్, అగ్రిమెంటు రిజిస్టర్ చేయించుకుందాం. ఖర్చంతా మాదే. మీరు ఒక్క పూట వచ్చి సంతకం పెడితే చాలు. పాప స్కూలుకు కావాలి."

"అచ్ఛా, అచ్ఛా. దేఖ్‌తే హై బేటా" అన్నాడు.

ఎనిమిదేళ్ళుగా ఇక్కడ ఉంటూ, 'దేఖ్‌తే హై', చూద్దాం, అంటే 'జరగదు' అని తెలుసుకోలేకపోవడం నా బుద్ధితక్కువ. రెండు రోజులాగి మళ్ళీ చేస్తే మోకాలు నొప్పి అన్నాడు. క్యాబులో తీసుకెళ్తాం అన్నాను. బంధువులింట్లో పెళ్ళి ఉంది, అయ్యాక చూద్దామన్నాడు. పెళ్ళి ఏ రోజని అడిగితే నీళ్ళు నమిలాడు. ఆ తరవాత ఫోన్ ఎత్తడమే మానేశాడు. మెసేజీ పెడితే చదివినట్టు నీలం గీతలు పడతాయి, జవాబు ఉండదు. ఆ నీలం గీతలు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. నేను ఫోన్ చేతిలోకి తీసుకోవడం చూడగానే పిల్ల చెవులకేసి చేతులు పోనిచ్చేది.

"పోనీలేవే, పెద్దాయన. ఏదో ఇబ్బంది ఉండుంటుంది" అన్నాడు మా ఆయన.

"మీకందరి ఇబ్బందులూ కనపడతాయి, మన ఇబ్బందొక్కటే కనపడదు" అన్నాను.

ఏజెంటును పట్టుకున్నాను. మా చేత ఈ ఇంట్లో పాలు పొంగించింది అతనే. "ఓనర్లు భయపడతారు మేడమ్. రిజిస్టర్ చేస్తే కిరాయిదారు ఇల్లు ఖాళీ చెయ్యడు, కబ్జా చేస్తాడు అని వాళ్ళ డౌటు" అన్నాడు, చెవిలో పువ్వు పెడుతూ.

కబ్జానా! ఒక మొగుడు, ఒక పిల్ల, ఒక ఇడ్లీ గ్రైండరు. ఈ సైన్యాన్ని వేసుకుని నేను పద్నాలుగో అంతస్తు కబ్జా చేస్తానా? ఆ మాటే ఏజెంటును అడిగాను. నవ్వాడు. నవ్వినందుకు ఇంకో నాలుగు తిట్లు తిన్నాడు.

మా ఆఫీసులో కరీంనగర్ తమ్ముడొకడు ఉన్నాడు. మా అపార్ట్‌మెంట్ల సొసైటీలోనే, బి టవర్లో అద్దెకుంటాడు. లంచ్‌లో అతనితో నా గోడు చెప్పుకున్నాను. "అక్కా, మాకైతే ఒక్క రోజుల అయిపోయింది. మా ఓనర్ సంతకం పెట్టిండు, ఫొటో దిగిండు, వెళ్ళిపోయిండు. మీ ఓనరే కావాలని సతాయిస్తుండు" అన్నాడు. ఇంకేముంది? అదే సొసైటీ, అదే గేటు, అదే లిఫ్టు కంపెనీ. అక్కడ అయిన పని ఇక్కడ కాదంటే ఏమిటి అర్థం? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అలా ఉంది నా పని. స్కూలు సీటిచ్చింది, ఈ ముసలాయన ఇవ్వనివ్వడం లేదు. గడువులో పది రోజులు ఆయన నీలం గీతలకే ఖర్చయిపోయాయి. తాడో పేడో తేల్చుకుందామని శనివారం పొద్దున్నే ముగ్గురం ఆయనింటికి వెళ్ళాం.

ఇందిరాపురంలో వెనక వీధి, పాత కట్టడం, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాలు నొప్పి మాట అబద్ధం కాకపోతే ఈ మెట్లు ఎలా ఎక్కుతాడో అనుకుంటూ ఎక్కాను. తలుపు తీసింది ఆంటీ. రెండు చిన్న గదులు. మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, పిల్లకు బిస్కెట్లు పెట్టింది. గోడకు పెద్ద ఫొటో ఒకటి ఉంది. అంకుల్, ఆంటీ పూలదండలు వేసుకుని, మనిషంత అట్ట తాళంచెవి చెరోవైపు పట్టుకుని నవ్వుతున్నారు. పక్కన సూటు వేసుకున్న బిల్డరు మనిషి. మా ఫ్లాటు వాళ్ళ చేతికి వచ్చిన రోజు తీసినదట. దాన్ని చూసేసరికి నా ఒళ్ళు ఇంకా మండింది. ఇంటికి తాళంచెవి పట్టుకుని ఫొటోలు దిగడం వచ్చు, ఆ ఇంట్లో ఉంటున్న పిల్ల కోసం ఒక్క సంతకం పెట్టడం రాదు.

అంకుల్ టీ గ్లాసుతో లోపలి నుంచి వచ్చాడు. మోకాలికి నిజంగానే పట్టీ ఉంది. "బేటా, ఇంకో నెల ఆగితే..." అని మొదలుపెట్టాడు.

అంతే. నాకొచ్చిన హిందీ అంతా ఆ గదిలో కుమ్మరించాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు, విదిలించుకున్నాను. ఈ పిల్లకు ఇంకే స్కూల్లోనూ చోటు లేదన్నాను. ఈ ఏడాది పోతే దానికి మాట వెనకబడిపోతుంది, పోయిన మాట మీరు తెచ్చిస్తారా అన్నాను. అద్దె తీసుకునేటప్పుడు మోకాలు నొప్పి లేదా అన్నాను. ఆయన తల వంచుకుని వింటున్నాడు. దాంతో నేను మరీ రెచ్చిపోయాను.

"అసలు ఆ ఇల్లు మీదేనా, కాదా?" అని అరిచాను.

ఆంటీ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. అంకుల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. టీ గ్లాసు కింద పెట్టి, "మంగళవారం వస్తాను. కాగితాలు సిద్ధం చేయించు" అన్నాడు. గెలిచానని మెట్లు దిగాను. కింద ఆటో ఎక్కాక పిల్ల తన మిషన్లు మళ్ళీ పెట్టుకుంది.

మంగళవారం పదింటికల్లా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఉన్నాం. బయట రేకుల షెడ్డు కింద బల్లలు వేసుకుని కాగితాలు రాసేవాళ్ళు, ఫొటోలు తీసేవాళ్ళు, అద్దె సాక్షులు. అవును, సాక్షులు కూడా అద్దెకు దొరుకుతారు. ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని నిలబడి ఉంటారు, ఎవరికి కావాలంటే వాళ్ళకు వేలిముద్ర వేస్తారు. మాకు సాక్షులుగా కరీంనగర్ తమ్ముడూ అతని రూమ్మేటూ సెలవు పెట్టి వచ్చారు. అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో లావుపాటి ఫైలుతో, మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. నేను మొహం తిప్పుకున్నాను.

మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. కౌంటర్లో ఆపరేటరు మా ఆధార్లు, అగ్రిమెంటు, స్టాంపు కాగితం చూసి, "ఓనరు రిజిస్ట్రీ కాపీ?" అన్నాడు. ఆ ఇల్లు ఓనరు కొన్నట్టు ప్రభుత్వం రిజిస్టర్ చేసిన దస్తావేజును ఇక్కడ రిజిస్ట్రీ అంటారు.

అంకుల్ ఫైలు విప్పాడు. ఒక్కొక్క కాగితానికీ ప్లాస్టిక్ కవరు. ఇల్లు కేటాయించినట్టు బిల్డరు ఉత్తరం. కట్టిన ప్రతి కిస్తీకీ రసీదు. బ్యాంకు లోను కాగితాలు. తాళం అప్పజెప్పినట్టు బిల్డరు ఇచ్చిన ఉత్తరం, దాని మీద బంగారు రంగు ముద్ర. అన్నీ తేదీల వరసలో ఉన్నాయి. ఆపరేటరు ఓపిగ్గానే తిరగేశాడు, చివరిదాకా వెళ్ళాడు, మళ్ళీ మొదటికి వచ్చాడు.

"అంకుల్‌జీ, ఇవన్నీ బిల్డరు కాగితాలు. సర్కారు కాగితం చూపించండి."

"పైసా పైసా కట్టేశాను. ఇదిగో ఆఖరి రసీదు" అన్నాడు అంకుల్.

"కట్టుండొచ్చు. రిజిస్ట్రీ కాలేదంటే రికార్డులో మీరు ఓనరు కాదు. ఓనరు కానివాళ్ళు అద్దెకెలా ఇస్తారు? నెక్స్ట్."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక రేకుల షెడ్డు కింద ఆయన్ని నిలబెట్టి మళ్ళీ అరిచాను. ముందే ఎందుకు చెప్పలేదు? పదమూడు రోజులు ఎందుకు తినేశారు?

"కౌంటర్లో ఎవరైనా దయతలచి చేసేస్తారేమో అనుకున్నాను బేటా. ఏజెంటు కూడా అయిపోతుందన్నాడు" అన్నాడు. "ఏమని చెప్పను? నా ఇల్లు నాది కాదని కిరాయిదారుకు ఎలా చెప్పను?"

అప్పుడు చెప్పాడు మిగతాది. బిల్డరు భూమి బాకీ ప్రభుత్వానికి పూర్తిగా కట్టలేదు. కట్టినంతవరకూ ఎ, బి, సి, ఈ మూడు టవర్లకు అనుమతి వచ్చింది, వాళ్ళకు రిజిస్ట్రీలు అయ్యాయి, వాళ్ళలో కరీంనగర్ తమ్ముడి ఓనరు ఒకడు. మా జి టవరుతో కలిపి మిగతావాటికి కాలేదు. బిల్డరు ఫోన్ ఎత్తడు, ఆఫీసుకు పోతే మనిషి ఉండడు. అంకుల్ రిటైరైనప్పుడు వచ్చిందంతా అందులో పోశాడు, మిగిలినదానికి లోను తీశాడు. పదమూడేళ్ళుగా బ్యాంకుకు కడుతున్నాడు. ప్రతి ఆదివారం ఓనర్లందరూ సొసైటీ గేటు దగ్గర బ్యానర్లు పట్టుకుని నిలబడతారట, అంకుల్ కూడా ఆ మోకాలితో మెట్రో దిగి ఆటో ఎక్కి వచ్చి నిలబడతాడట.

ఆ బ్యానర్లు నేను చూశాను. ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం చూశాను. డప్పులు, నినాదాలు. ఓనర్ల వాట్సాప్ గ్రూపు వేరు, మా అద్దెవాళ్ళ గ్రూపు వేరు. మా గ్రూపులో నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుంది, లిఫ్టులో కుక్కల్ని ఎక్కించొచ్చా, ఇవే. ఆ గొడవేదో ఓనర్లది, మనకెందుకని, పిల్ల మిషన్లలో డప్పు చప్పుడు గోల చేస్తుందని బాల్కనీ తలుపు వేసుకునేదాన్ని. ఒక్కసారి కిందికి వంగి చదివి ఉంటే, పద్నాలుగు అంతస్తుల కింద మా ఓనరే అట్ట పట్టుకుని కనిపించేవాడు.

అప్పుడైనా ఆయనకు క్షమించమని చెప్పాల్సింది. చెప్పలేదు. నా నోటికి తిట్లు తిన్నగా వస్తాయి, ఆ ఒక్క మాటే రాదు. పైగా గడువు ఎనిమిది రోజులే ఉంది. ఆటోలో కూర్చుని బిల్డరును తిట్టాను. ఆ సూటూ, ఆ అట్ట తాళంచెవీ. మనిషి జీవితమంతా తీసుకుని, అట్టముక్క చేతికిచ్చి ఫొటో తీయించి పంపాడు. వాడు దొరకడు కాబట్టి అందరూ దొరికినవాళ్ళ మీద పడతారు. అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు, నేను ఆ ముసలాయన మీద చూపించాను.

ఏజెంటు సాయంత్రం కొత్త ఉపాయంతో వచ్చాడు. ఎ టవర్లో ఒకాయన కాగితం వరకు తన ఫ్లాటు అద్దెకిచ్చినట్టు రిజిస్టర్ చేయిస్తాడట. మేము ఉండేది ఇక్కడే, కాగితం మాత్రం అక్కడ. ఇంత ముట్టజెబితే సరి. దాచుకోవడం ఎందుకు, నేను సరే అన్నాను. వెంటనే అన్నాను. ఈ ఊళ్ళో నిజం కాగితం పుట్టనప్పుడు దొంగ కాగితమే గతి అనుకున్నాను.

"వద్దు" అన్నాడు మా ఆయన.

పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన అంత గట్టిగా వద్దనడం నేనెరగను. "స్కూలువాళ్ళు ఇంటికొచ్చి చూస్తే? చేరాక తీసేస్తే? అక్కడ నాలుగు నెలలు అలవాటు పడ్డాక దాన్ని బయటికి లాగితే, దానికేం చెబుతావే?" అన్నాడు. ఏజెంటుకు తలుపు కూడా ఆయనే చూపించాడు. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీద నా కోపం తీర్చుకున్నాను. కానీ ఆయన మాటే నిజం.

మూడు రోజుల్లో సి టవర్లో ఇల్లు వెతికి పట్టుకున్నాం. మొదటి అంతస్తు, జనరేటరు గది నెత్తిన. పగలు కూడా లైటు వేయాలి. అద్దె ఎక్కువ, గదులు తక్కువ. ఓనరు ఒక బ్యాంకు ఉద్యోగిని. నేను ఇల్లు చూడకముందే, "మీకు రిజిస్ట్రీ అయిందా? కాపీ చూపించండి" అన్నాను. ఆవిడ బిత్తరపోయి సంచిలోంచి తీసి చూపించింది. సర్కారు ముద్ర తడిమి చూశాక గానీ గదుల్లోకి అడుగు పెట్టలేదు. రెండు రోజుల్లో సామాను మార్చాం.

తాళాలు ఇచ్చేయడానికి అంకుల్‌ను రమ్మన్నాం. ఖాళీ గదుల్లో ఒకసారి తిరిగాడు. పిల్ల గోడ మీద గీసిన బొమ్మలకు సున్నం వేయిస్తామన్నాను. "ఉండనీ" అన్నాడు. కొత్త అగ్రిమెంటు రిజిస్ట్రేషన్ ఎప్పుడని అడిగాడు. మర్నాడే, అదే ఆఖరి రోజు, కరీంనగర్ తమ్ముడికి సెలవు దొరికింది కానీ రూమ్మేటు ఊరెళ్ళాడు, రెండో సాక్షిని ఆఫీసు బయట అద్దెకు తీసుకుంటాం అని మా ఆయన చెప్పాడు.

"పిల్ల చదువు కాగితం మీద దారినపోయేవాడి వేలిముద్ర ఎందుకు? నేనొస్తాను" అన్నాడు అంకుల్.

నా చేత అన్ని మాటలు పడిన మనిషి. సరేనని తల ఊపాను.

మర్నాడు అదే ఆఫీసు, అదే కౌంటరు, అదే ఆపరేటరు. మధ్యాహ్నం సర్వర్ పనిచేయక రెండు గంటలు కూర్చోబెట్టారు. స్కూలు ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు. మా పిలుపు వచ్చేసరికి మూడు దాటింది. మా సంతకాలయ్యాయి, ఫొటోలయ్యాయి, మొదటి సాక్షి అయ్యాడు. అంకుల్ వంతు వచ్చింది. పేరు, తండ్రి పేరు, వయసు. చిరునామా అడిగితే ఇందిరాపురంలోది చెప్పాడు.

"అప్నా మకాన్ యా కిరాయా?" అన్నాడు ఆపరేటరు తల ఎత్తకుండా. సొంతిల్లా, అద్దెదా అని కంప్యూటర్లో గడి ఉందో, అలవాటుగా అడిగాడో నాకు తెలియదు.

అంకుల్ "కిరాయా" అన్నాడు.

ఆ రెండు గదులూ ఆయనవే అనుకున్నాను అప్పటిదాకా. ఫ్లాటుకు లోను కడుతూ, ఆ ఫ్లాటు మాకిచ్చి, వచ్చిన అద్దె బ్యాంకులో పోస్తూ, తాము లిఫ్టు లేని ఇంట్లో అద్దెకుంటున్నారు. నా లోపల ఏదో భగ్గుమంది.

"ఆయనకు సొంత ఇల్లుంది" అన్నాను. ఆఫీసంతా ఇటు తిరిగింది. "మూడు గదులు, జి టవర్, పద్నాలుగో అంతస్తు. ఎనిమిది నెలలు నేను కాపురం చేశాను అందులో. ఆయన ఓనరు. అది రాయండి."

ఆపరేటరు మొదటిసారి తల ఎత్తాడు. విసుక్కోలేదు. "రిజిస్ట్రీ నంబరు చెప్పండి మేడమ్, రాస్తాను" అన్నాడు.

వెనక ఎవరో జల్దీ, జల్దీ అంటున్నారు.

"ఛోడో బేటా. నాలుగవుతుంది, స్కూలు మూసేస్తారు" అని అంకుల్ బొటనవేలు ఇంకు ప్యాడు మీద ఒత్తి, మా కాగితం మీద సాక్షి అన్నచోట వేశాడు.

నాలుగుకు ఆరు నిమిషాలు ఉన్నాయనగా స్కూల్లో కాగితం ఇచ్చాను. గుమస్తా చివరి పేజీ తిప్పి సీలు చూశాడు, ఠీక్ హై అన్నాడు, పిన్ను కొట్టి ఫైలులో పడేశాడు. ఇరవై ఒక్క రోజులు మమ్మల్ని తిప్పిన కాగితానికి అతను అర నిమిషం కూడా ఖర్చు పెట్టలేదు. సోమవారం నుంచి పిల్ల బడికి వెళ్ళింది. ఇప్పుడు పూర్తి వాక్యాలు చెబుతోంది. వాళ్ళ టీచరు మీద నాకింతవరకు కోపం రాలేదు, ఇది మా ఇంట్లో రికార్డు.

రెండు నెలలు ఆగి, ఒక మధ్యాహ్నం ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి అంకుల్‌కు ఫోన్ చేశాను. ఆరోజు మీ ఇంట్లో అన్న మాటలకు క్షమించండి అనాలి. హిందీలో ఎలా అనాలో మనసులో రెండుసార్లు అనుకుని మరీ చేశాను. నేను మొదలుపెట్టేలోపే ఆయన, "బిటియా ఎలా చదువుతోంది?" అన్నాడు. బాగా చదువుతోందని చెప్పాను. సంతోషించాడు, ఆంటీని పిలిచి ఆ మాట ఆమెకూ చెప్పాడు. రిజిస్ట్రీ సంగతి ఏమైందని అడిగాను. బిల్డరు ఇంకా దొరకలేదు, ఆదివారాలు నిలబడుతున్నామన్నాడు.

"ఇల్లు ఖాళీగానే ఉంది బేటా" అన్నాడు చివర్లో. "మీ ఆఫీసులో ఎవరైనా వెతుకుతుంటే చెప్పు. బడిలో చేర్చాల్సిన పిల్లలు లేనివాళ్ళైతే మంచిది."

చెబుతాను అంకుల్ అని ఫోన్ పెట్టేశాను.